కృపావరం, ఈవి, హెచ్చరిక: ఎర్రగుంట్ల పరిసర క్రైస్తవుల నిత్యజీవితంలో విశ్వాసభాష – ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

క్రైస్తవ విశ్వాసం దేవాలయంలో ఆదివారం పూట వ్యక్తమైనా, అది నిలిచేది ఇంట్లో, పనిలో, రోజువారీ మాటలో. ఆ నిలకడకు ఆధారమైన పదజాలాన్ని తెలుగు బైబిలు అనువాదకులు స్థిరపరిచారు. కృపావరం, ఈవి, హెచ్చరిక, ఆదరణ, ఆత్మఫలం, క్షేమాభివృద్ధి వంటి పదాలు అందులో ముఖ్యమైనవి. ఈ పదాలు గ్రీకు మూలంలోని భావాన్ని ఎంతవరకు మోశాయి, తెలుగు సంస్కృతిలో ముందే ఉన్న ఏ అర్థాలను వెంట తెచ్చాయి, కడప జిల్లా ఎర్రగుంట్ల వంటి మెట్టప్రాంతపు విశ్వాసి తన జీవితాన్ని అర్థం చేసుకోవడంలో వాటి పాత్ర ఏమిటి అన్నవి ఈ వ్యాసం పరిశీలించే అంశాలు. కీర్తన, సాక్ష్యం అనే రెండు మౌఖిక ప్రక్రియలను, జాషువ కావ్యాన్ని, కల్యాణరావు నవలను ఇందుకు తోడుగా తీసుకోవడమైనది.

కీలకపదాలు: కృపావరం, ఈవి, హెచ్చరిక, ఆత్మఫలం, క్రైస్తవ కీర్తన, సాక్ష్యం, రాయలసీమ.

1. ప్రవేశిక

తెలుగు క్రైస్తవ సాహిత్యంపై జరిగిన కృషి ప్రధానంగా మూడు దారుల్లో సాగింది. నిఘంటువులు, వ్యాకరణాలు, ముద్రణ ద్వారా మిషనరీలు, పాశ్చాత్య పండితులు చేసిన భాషాసేవ మొదటిది. మంగళగిరి ఆనందకవి ‘వేదాంతరసాయనం’ మొదలు జాషువ ‘క్రీస్తు చరిత్ర’ వరకు సాగిన కావ్యాల పరిశీలన రెండవది. మతాంతరీకరణను దళిత చరిత్రలో భాగంగా చూసే అధ్యయనం మూడవది. ఈ మూడింటిలోనూ సామాన్య విశ్వాసి రోజూ నోట పలికే మాటలకు దక్కిన స్థానం తక్కువ. తెల్లవారుజామున సిమెంటు కర్మాగారంలో షిఫ్టుకు పోయే కార్మికుడు, శనగచేలో కలుపు తీసే కూలీ, నాపరాళ్ళ గనిలో బండలు తీసే మనిషి తనకు దేవుడిచ్చిన వరం ఏమిటని అడిగితే ఏ పదంతో జవాబు చెబుతారు? ఆ పదం వారి జీవితాన్ని విశాలం చేస్తుందా, ఇరుకు చేస్తుందా? ఇది మొదట భాషాప్రశ్న. ఆ తరువాతే వేదాంతప్రశ్న.

ఈ వ్యాసం ఒక సంఘాన్ని గాని, ఒక బోధకుణ్ణి గాని తూచడానికి ఉద్దేశించినది కాదు. తెలుగు క్రైస్తవులకు ఉమ్మడి ఆస్తి అయిన అనువాదబైబిలు, కీర్తనల పుస్తకం, సాక్ష్యం చెప్పే సంప్రదాయం దీనికి ఆధారసామగ్రి.

2. ప్రాంతం – చారిత్రక నేపథ్యం

ఎర్రగుంట్ల కడప జిల్లాలో జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, ముద్దనూరు, కమలాపురం నడుమ ఉన్న పట్టణం. చెన్నై–ముంబై రైలుమార్గంలో ఇది ముఖ్యమైన స్టేషను. 2016లో నంద్యాల వరకు కొత్త మార్గం పూర్తి కావడంతో కూడలి అయింది. సున్నపురాయి నిక్షేపాల వల్ల సిమెంటు పరిశ్రమ, పొరలుపొరలుగా లేచే నాపరాయి వల్ల బండల పరిశ్రమ ఇక్కడి జీవనాధారాలు. వాన ముఖం చాటేసిన ఏడు వ్యవసాయం మీద ఆశ పెట్టుకోలేని నేల ఇది.

ఈ భూభాగానికి క్రైస్తవం ఒకే దారిలో రాలేదు. 18వ శతాబ్దిలోనే జెసూట్ మతగురువుల ప్రభావం రాయలసీమలో కొన్ని గ్రామాలకు చేరింది. 1805లో విశాఖపట్నంలో తెలుగువారి మధ్య పని మొదలుపెట్టిన లండన్ మిషనరీ సొసైటీ 1822లో కడపలో కేంద్రాన్ని నెలకొల్పింది. సి.పి. బ్రౌన్ కడపలో ఉద్యోగంలో చేరింది అంతకు రెండేళ్ళ ముందే, 1820లో. 19వ శతాబ్ది చివరి దశకంలో జమ్మలమడుగులో మొదలైన వైద్యసేవ కాంప్‌బెల్ ఆసుపత్రిగా ఎదిగి, ఎర్రగుంట్ల చుట్టుపక్కల ఊళ్ళకు క్రైస్తవాన్ని మందు, కట్టు, పరిచర్య రూపంలో పరిచయం చేసింది. ఉత్తరాన ముత్యాలపాడు, నంద్యాల ప్రాంతాల్లో ఆంగ్లికన్ సంస్థ అయిన ఎస్.పి.జి. పనిచేసింది. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు లండన్ మిషను సంఘాలు అందులో కలిశాయి. నంద్యాల ఆంగ్లికన్లు వెంటనే కలవలేదు. పక్కపక్క తాలూకాల క్రైస్తవులు ఒకే బైబిలు చదువుతూ వేర్వేరు ఆరాధనక్రమాల్లో పెరగడానికి ఇది కారణం.

19వ శతాబ్ది ఉత్తరార్ధంలో ఈ ప్రాంతంలో క్రైస్తవాన్ని స్వీకరించినవారిలో మాలలు అధికసంఖ్యాకులు. 1876–78 నాటి ధాత కరువు జ్ఞాపకం ఈ మార్పిడిని నేటికీ నీడలా వెన్నంటి ఉంది. గంజి కోసం మతం మారారన్న నింద ఆ నీడలో పుట్టినదే. కరువు తీరాక కూడా, గంజి ఆగిపోయాక కూడా, మూడు నాలుగు తరాలు ఆ విశ్వాసంలో ఎందుకు నిలిచాయన్న ప్రశ్నకు ఆ నింద వద్ద జవాబు లేదు. జవాబు వెతకవలసింది నిత్యసాధనలో. దానికి తోడు 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు క్రైస్తవ దళితులకు ఎస్సీ హోదాను నిరాకరించింది. తరువాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ హోదా విస్తరించినా క్రైస్తవులకు దక్కలేదు. ఆంధ్రప్రదేశ్‌లో వారు బీసీ–సి వర్గంలో ఉన్నారు. దీనివల్ల ఎన్నో కుటుంబాల్లో విశ్వాసం ధ్రువపత్రాల్లో కనిపించదు. ఇంటిలోపలి ప్రార్థనలోనే కనిపిస్తుంది. అంటే ఈ ప్రాంతంలో ‘వ్యక్తిగత విశ్వాసం’ అన్నది తీరికగల మనిషి ఎంచుకున్న ధ్యానమార్గం మాత్రమే కాదు. బయట పేరు చెప్పుకోలేని విశ్వాసానికి మిగిలిన చోటు కూడా అదే.

3. వరం – ఈవి – కృపావరం

క్రొత్త నిబంధన గ్రీకు మూలంలో ‘ఇచ్చినది’ అనే భావానికి ఒకటికి మించిన పదాలున్నాయి. వాడుకలో ఉన్న తెలుగు బైబిలు వాటికి ప్రధానంగా మూడు మాటలు వాడింది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 12వ అధ్యాయంలోని ‘ఖరిస్మా’కు కృపావరం, అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయంలోని ‘దోరెయా’కు వరం, ఎఫెసీయులకు రాసిన పత్రిక 4వ అధ్యాయంలోని ‘దోమా’కు ఈవి వచ్చాయి. యాకోబు పత్రిక మొదటి అధ్యాయంలో ఈవి, వరం పక్కపక్కనే కనిపిస్తాయి.

ఈ ఎంపికలు అమాయకమైనవి కావు. తెలుగు శ్రోతకు ‘వరం’ అనగానే పురాణం గుర్తుకు వస్తుంది. హిరణ్యకశిపుడు, రావణుడు, భస్మాసురుడు వరాలు పొందినవారే. ఆ కథల్లో వరానికి మూడు లక్షణాలు ఉన్నాయి. అది తపస్సుకు ప్రతిఫలం. పొందినవాడి బలాన్ని పెంచుతుంది. పొందినవాడు దాన్ని తన కోసం వాడుకుంటాడు. పౌలు చెప్పిన ఖరిస్మాకు ఈ మూడూ విరుద్ధం. ‘ఖరిస్’ అంటే కృప, అర్హత చూడకుండా కలిగే దయ. అది కృషికి కూలి కాదు. ఒకరి బలం కోసం కాక అందరి ప్రయోజనం కోసం ఇచ్చినది. అనువాదకులు ఈ చిక్కును గుర్తించినట్టే కనిపిస్తుంది. ‘వరం’ ముందు ‘కృప’ను చేర్చి, తపస్సు అనే అర్థాన్ని సమాసంలోనే రద్దు చేశారు. రోమీయులకు రాసిన పత్రిక 6వ అధ్యాయంలో నిత్యజీవానికి కూడా ఇదే కృపావరం అన్న మాట వాడటం గమనార్హం. అక్కడ పాపానికి దక్కేది జీతం, దేవుడిచ్చేది కృపావరం. కూలికి, కానుకకు ఉన్న తేడా కూలి మీద బతికే శ్రోతకు వివరించనక్కరలేదు.

అయితే సమాసం పుస్తకంలో ఉన్నంత భద్రంగా నోట ఉండదు. వ్యవహారంలో ‘కృప’ జారిపోయి ‘వరం’ మిగులుతుంది. స్వస్థత వరం, భాషల వరం, ప్రవచన వరం అనే పలుకుబళ్ళు ఇందుకు నిదర్శనం. దీనికి అనువాదంలోనే ఒక బీజం ఉంది. కొరింథీ పత్రిక 12వ అధ్యాయం ప్రారంభంలో గ్రీకులో ఉన్నది ‘న్యుమతికా’, అంటే ఆత్మసంబంధమైనవి అని మాత్రమే. అక్కడ ‘వరము’ అనే నామవాచకం లేదు. ఆంగ్లానువాదాల వలెనే తెలుగూ దాన్ని పూరించింది. మూలంలో విశేషణంగా విశాలంగా ఉన్న భావం తెలుగులో లెక్కపెట్టదగిన వస్తువైంది. లెక్కపెట్టగలిగినది పోల్చగలిగినదవుతుంది. పోల్చగలిగినది పోటీకి దారితీస్తుంది. కొరింథు సంఘంలో పౌలు మందలించినది సరిగ్గా ఈ పోటీనే.

‘ఈవి’ చరిత్ర వేరు. ఇది ‘ఇచ్చు’ ధాతువు నుండి వచ్చిన తెలుగు మాట. దీనికి ఇచ్చిన వస్తువు అనే అర్థంతో పాటు ఇచ్చే గుణం, ఔదార్యం అనే అర్థమూ ఉంది. ప్రాచీన కావ్యాల్లో కృతిభర్త ఈవిని పొగడటం పరిపాటి. అంటే పొందినదానికీ, పంచే స్వభావానికీ ఒకే మాట ఉన్న అరుదైన సందర్భమిది. పౌలు భావానికి ఇంతకంటే దగ్గరి మాట తెలుగులో దొరకదు. అయినా ఈవి బైబిలులో కొద్ది చోట్లకే పరిమితమై, సంఘవ్యవహారంలోకి రాకుండా పోయింది. సంస్కృతపదానికి ఉన్న గౌరవం దేశిపదానికి దక్కకపోవడం తెలుగు సాహిత్యచరిత్రలో పాత కథే. ఇక్కడ దాని ఫలితం వేదాంతపరంగా కనిపిస్తుంది.

పేతురు మొదటి పత్రిక 4వ అధ్యాయం ఈ చర్చకు మరో కోణాన్ని ఇస్తుంది. కృపావరం పొందినవారిని అక్కడ ‘గృహనిర్వాహకులు’ అన్నారు. మూలంలో ‘ఒయికొనొమొస్’ యజమాని ఇంటి సంపదను ఇంటివారికి అందించే సేవకుడు. సొత్తు అతనిది కాదు. వేళకు అందించడం అతని పని. పది మందికి చాలీచాలని గింజలతో సంగటి వండి వడ్డించే ఇల్లాలికి ఈ మాట వ్యాఖ్యానం లేకుండా తెలుస్తుంది. కృపావరాన్ని వేదికకు కాక వంటింటికి కట్టిన ఈ పదం బోధనలో తగినంత వినిపించకపోవడం ఒక లోపం.

4. హెచ్చరిక – ఆదరణ

రోమీయులకు రాసిన పత్రిక 12వ అధ్యాయంలోని వరాల పట్టిక కొరింథీ పత్రికలోని పట్టికకు భిన్నం. పరిచర్య, బోధ, పంచిపెట్టడం, కరుణించడం వంటి నిత్యకృత్యాలే అందులో ఎక్కువ. పౌలు పట్టికలు ఒకదానితో ఒకటి సరిపోలకపోవడమే అవి ముగిసిన జాబితాలు కావని చెప్పడానికి ఆధారం. ఈ పట్టికలో ‘పరకలోన్’ అనే మాటకు తెలుగు బైబిలు ‘హెచ్చరించువాడు’ అని వాడింది.

‘పరకలేయిన్’ అంటే పక్కకు పిలవడం, పక్కన నిలిచి ధైర్యం చెప్పడం. ఓదార్పు, ప్రోత్సాహం, బుద్ధి చెప్పడం మూడూ అందులో ఉన్నాయి. ఇదే ధాతువు నుండి వచ్చిన ‘పరక్లేతొస్’ యోహాను సువార్తలో ‘ఆదరణకర్త’ అయింది. కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక మొదటి అధ్యాయంలో ఇదే ధాతువుకు చెందిన నామవాచకం ‘ఆదరణ’ అయింది. రోమీయులకు వచ్చేసరికి ‘హెచ్చరిక’ అయింది. అనువాదం జరిగిన కాలంలో హెచ్చరిక అనే మాటకు నేటి కంటే విస్తృతి ఉండేది. మేల్కొలుపు, జాగరూకత, ఉత్సాహపరచడం అనే ఛాయలు ఉండేవి. ఉత్సవసంప్రదాయ కీర్తనల్లో ‘హెచ్చరిక’ దేవుణ్ణి వెంట ఉండి జాగ్రత్తగా నడిపించుకువచ్చే పాట. ఆ అర్థంలో అది పరకలేయిన్‌కు చాలా దగ్గర. నేటి తెలుగులో మాత్రం హెచ్చరిక అంటే బెదిరింపుకు ఒక మెట్టు కింద ఉన్న మాట. విద్యుత్ స్తంభం మీద పుర్రెబొమ్మ కింద కనబడే మాట.

ఈ అర్థసంకోచం వల్ల కలిగిన నష్టం చిన్నది కాదు. ఓదార్చే వరం మందలించే అధికారంగా వినబడుతోంది. పంట పోయిన ఇంటికి, పసిబిడ్డ పోయిన ఇంటికి వెళ్ళి, ఏమీ మాట్లాడకుండా పక్కన కూర్చునే మనిషికి తన పని ఒక కృపావరమని తెలియదు. తప్పు ఎత్తిచూపే మనిషి తన మాటలకు లేఖనాధారం ఉందనుకుంటాడు. బైబిలు వాక్యం మారలేదు, తెలుగు మారింది. అనువాదం ఒకసారి జరిగి ముగిసే పని కాదని, భాష కదిలినప్పుడల్లా వ్యాఖ్యానం కదలాలని చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అక్కరలేదు.

5. ఆత్మఫలం – మెట్టనేలలో ఒక రూపకం

గలతీయులకు రాసిన పత్రిక 5వ అధ్యాయంలోని ఫలం మూలంలోనూ, తెలుగులోనూ ఏకవచనమే. వరాలు పలువురికి పలురకాలు. ఫలం ఒక్కటే, అందరిలో పండవలసినది. ఇక్కడి పదాలకు కూడా పూర్వచరిత్ర ఉంది. ‘ఆత్మ’ అనే మాట పోతులూరి వీరబ్రహ్మం పేర ప్రచారమైన తత్త్వాలు, అచలసంప్రదాయపు పాటలు, వేమన పద్యాలు విని పెరిగిన ప్రాంతానికి కొత్త కాదు. ‘ఫలం’ కర్మఫలంగా ముందే తెలుసు. ‘సాత్వికం’ త్రిగుణాల నుండి వచ్చింది. కాబట్టి ఆత్మఫలం అన్న సమాసాన్ని తన ఆత్మసాధనకు తానే పొందే ఫలితంగా వినడానికి ఈ నేల మీద అవకాశం ఎక్కువ. పౌలు ఉద్దేశించినది పరిశుద్ధాత్మ మనిషిలో పండించే ఫలాన్ని. కర్త మారితే అర్థం తలకిందులవుతుంది.

అయినా ఈ పూర్వచరిత్రను కేవలం అడ్డంకిగా చూడటం పొరపాటు. తత్త్వాలు బాహ్యాడంబరాన్ని, కులగర్వాన్ని నిలదీసి లోపలి మార్పును అడిగాయి. ఆ చెవితో విన్నవారికి ఫలం చూసి చెట్టును తెలుసుకోవాలన్న క్రీస్తు బోధ సులభంగా పట్టుబడింది. ‘దీర్ఘశాంతం’ అన్న మాట ఇందుకు ఉదాహరణ. త్వరగా కోపించకుండా చాలాకాలం ఓర్చుకోవడమనే గ్రీకు భావానికి అనువాదకులు కూర్చిన ఈ సమాసం తెలుగులో చక్కగా ఒదిగింది. వాన కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసే రైతుకు దీర్ఘశాంతం పుస్తకపదం కాదు. వరం ఒక్క క్షణంలో దొరకవచ్చు. ఫలానికి మాత్రం రుతువులు గడవాలి. నిత్యజీవితంలో విశ్వాసం పెంపుదలకు ఫలం అన్న రూపకమే ఎక్కువ ఉపకరిస్తుందనడానికి కారణం ఇది.

6. కీర్తన – నిత్యసాధన పాఠ్యం

చదువు రాని తొలి తరాల విశ్వాసికి బైబిలు కంటే ముందు చేరింది పాట. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకంలోని ప్రధానమైన రచనలకు పల్లవి, అనుపల్లవి, చరణాల నిర్మాణం ఉంది. రాగతాళాల నిర్దేశం ఉంది. పాశ్చాత్య బాణీల అనువాదాలు పక్కనే ఉన్నా, జనం నోట నిలిచినవి దేశిబాణీలే. ఈ సంప్రదాయానికి పునాది వేసినవారిలో పురుషోత్తమ చౌదరి ప్రముఖుడు. 1803లో జన్మించి, 1833లో బాప్తిస్మం పొంది, 1890 వరకు జీవించిన ఈ కవి రచనల్లో విశ్వాసి ఉత్తమపురుషలో మాట్లాడతాడు. తన అయోగ్యతను ఒప్పుకుంటాడు, శరణు కోరతాడు. తాళ్ళపాక కవుల గడ్డ అయిన కడపసీమలో ఈ శరణాగతి గొంతు పరాయిది అనిపించలేదు.

ఈ పుస్తకం ఉదయప్రార్థన, సాయంకాలప్రార్థన మొదలు పెళ్ళి, చావు వరకు జీవితదశలన్నిటికీ పాట ఇస్తుంది. దీన్ని ఆరాధనగ్రంథంగానే కాక దినచర్యగ్రంథంగా చదవాలి. చదువు రాని తల్లిదండ్రుల ఇంట్లో బడికి పోయే పిల్లే కుటుంబప్రార్థనలో చదువరి అవుతుంది. పాట మాత్రం అవ్వ కంఠస్థం నుండి వస్తుంది. చదివే వరం పిల్లది, పాడే వరం అవ్వది. రెండూ కలిస్తేనే ప్రార్థన. కొరింథీ పత్రికలో ఒకే శరీరానికి పలు అవయవాలన్న పోలిక ఇక్కడ ఒక గదిలో కనిపిస్తుంది.

కీర్తనకు ఉన్న పరిమితినీ గుర్తించాలి. దాని భాష గ్రాంథికం. ‘చేస్తాండాము’, ‘పోతాండాము’ అని మాట్లాడే మనిషి ప్రార్థనకు మోకరించగానే ‘దయచేయుము’, ‘అనుగ్రహించుము’ అనే భాషలోకి మారిపోతాడు. ఈ మార్పు ఒకవైపు భక్తికి గాంభీర్యాన్నిస్తుంది. మరొకవైపు అప్పు, తాగుడు, కొలువు పోవడం వంటి కష్టాలను చెప్పుకునే సొంత మాటలు ప్రార్థనలోకి రాకుండా ఆపుతుంది. దేవునితో మాట్లాడటానికి తన భాష చాలదని మనిషి అనుకున్న చోట వ్యక్తిగత విశ్వాసానికి ఒక గోడ లేచినట్టే.

7. సాక్ష్యం – చెప్పేవి, చెప్పనివి

ఆ గోడను దాటించిన ప్రక్రియ సాక్ష్యం. గృహకూడికల్లో, ఉపవాసప్రార్థనల్లో విశ్వాసి లేచి నిలబడి తన జీవితంలో దేవుడు చేసిన మేలును తన మాండలికంలోనే చెబుతాడు. మౌఖికకథనంగా దీనికి స్థిరమైన నిర్మాణం ఉంది: వందనం, కష్టం, ప్రార్థన, విడుదల, కృతజ్ఞత. నలుగురిలో నోరెత్తే అవకాశం లేని దళిత స్త్రీకి నిలబడి మాట్లాడే హక్కును ఇచ్చిన వేదిక ఇది. ఈ ప్రక్రియను దళిత స్త్రీల ఆత్మకథనానికి పూర్వరూపంగా చూడవచ్చు.

అయితే దీని నిర్మాణంలో ఒక ప్రమాదం పొంచి ఉంది. కష్టం, మొక్కు, ఫలప్రాప్తి అనేది వ్రతకథ నడక. వ్రతకథలో మొక్కు మరచినవాడికి కష్టం తిరిగి వస్తుంది. సాక్ష్యం ఈ నడకను అనుసరించే కొద్దీ విడుదల దొరకనివాడు విశ్వాసం చాలనివాడవుతాడు. రోగం తగ్గనివారికి, బండల దుమ్ముతో ఊపిరితిత్తులు పాడైనవారికి, మూడోసారి వేసిన బోరు కూడా ఎండిపోయినవారికి సాక్ష్యసమయంలో చెప్పడానికి ఏమీ ఉండదు. వారి మౌనం సంఘం వినవలసిన సాక్ష్యమే. కాని ప్రక్రియ దానికి చోటివ్వదు.

లేఖనం మాత్రం చోటిచ్చింది. యోబు గ్రంథం, కీర్తనల గ్రంథంలోని విలాపాలు జవాబు రాని ప్రార్థనలను దాచలేదు. పౌలు తన శరీరంలోని ముల్లు తొలగాలని మూడుసార్లు వేడుకున్నా అది తొలగలేదు. దానికి బదులు కృప చాలునన్న జవాబు దొరికింది. ఇక్కడ ‘వరం’ దక్కలేదు, ‘కృప’ దక్కింది. వ్యవహారంలో జారిపోయిన పూర్వపదం ఈ సందర్భంలో మూలార్థంతో తిరిగి వస్తుంది. తొలగని ముల్లు గురించి కూడా సాక్ష్యం చెప్పగలిగినప్పుడే ఈ ప్రక్రియ వ్రతకథ నుండి విడివడుతుంది.

8. వరాల వేదిక – రెండు పక్షాలు

20వ శతాబ్దిలో పెంతెకొస్తు ఉద్యమాలు, 1938లో ముంగమూరి దేవదాసు స్థాపించిన బైబిలు మిషను, భక్తసింగ్ ప్రేరణతో ఏర్పడిన హెబ్రోను సహవాసాలు తెలుగు క్రైస్తవంలో ఆత్మానుభవానికి ప్రాముఖ్యాన్ని పెంచాయి. ఇవి ఒకే తీరువి కావు. దేవదాసు ‘సన్నిధి’ అనే మాటను కేంద్రంగా చేసుకుని కనిపెట్టడాన్ని, మౌనధ్యానాన్ని నేర్పారు. గుడి సంప్రదాయంలోని మాటకు ఇంటిగదిలో చోటిచ్చిన ప్రయోగమిది. హెబ్రోను సహవాసాలు వాక్యధ్యానానికి, సమష్టిప్రార్థనకు పెద్దపీట వేశాయి.

ఈ ఉద్యమాలపై చదువుకున్న వర్గం చేసే విమర్శ కొన్నిసార్లు న్యాయం తప్పుతుంది. ఆవేశం, కేకలు, భాషలు అంటూ చులకన చేసేవారు, అభిషిక్తుడైన గురువు తప్ప మరెవరూ నోరు మెదపని ఆరాధనక్రమంలో కూలిజనం ఎంత కాలం మౌనంగా కూర్చున్నారో మరచిపోతారు. ఆత్మ అందరికీ ఇవ్వబడిందన్న బోధ వారికి మాట ఇచ్చింది. ఈ పక్షంలోని సత్యాన్ని అంగీకరించకుండా చేసే విమర్శ వర్గగర్వంగా మిగులుతుంది.

అదే సమయంలో, వరం ఒకరి పేరుతో, ఒకరి బొమ్మతో, ఒక వేదికతో ముడిపడినప్పుడు అది పురాణవరంగా మారుతుందన్నదీ సత్యమే. పౌలు ఇచ్చిన కొలత ‘క్షేమాభివృద్ధి’. మూలంలో ‘ఒయికొదొమే’ అంటే ఇల్లు కట్టడం. తెలుగు సమాసంలో మేలు, ఎదుగుదల ఉన్నాయి గాని కట్టడం కనబడదు. పేతురు పత్రికలోని సజీవమైన రాళ్ళ పోలికలో ఆ చిత్రం మిగిలింది. నాపరాళ్ళ ప్రాంతానికి ఈ చిత్రం ఎంతో సహజమైనది. ఒక రాయి ఎంత నునుపుగా ఉందన్నది కాక, పక్కరాయితో ఎంత బాగా కలిసి గోడను నిలబెట్టిందన్నదే లెక్క. అర్థమయ్యే అయిదు మాటలను అర్థంకాని పదివేల మాటల కంటే మిన్నగా పౌలు ఎంచినది ఈ కొలత ప్రకారమే.

నంద్యాల ప్రాంతం కూడా భాగమై ఉండిన దోర్నకల్ అధ్యక్షమండలంలో బిషప్ వి.ఎస్. అజరయ్య అనుసరించిన పద్ధతి ఇక్కడ ప్రస్తావించదగినది. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పుగా అభిషిక్తుడైన ఆయన, బాప్తిస్మం పొందినవారు తమ చేతిని తమ తలపైనే ఉంచుకుని సువార్త ప్రకటించే బాధ్యతను తమదిగా చెప్పుకునేలా చేశారు. అభిషేకంలో గురువు చేయి ఉండే చోట కూలి మనిషి తన చేయి తానే ఉంచుకున్నాడు. వరం కొందరి సొత్తు కాదన్న బోధను ఇంత తక్కువ మాటల్లో, ఒక్క చేష్టలో చూపిన సందర్భాలు అరుదు.

9. కావ్యం, నవల – మరో చూపు

గుర్రం జాషువ ‘క్రీస్తు చరిత్ర’ 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందింది. పద్యకావ్యంగా దాని స్థానం సుస్థిరం. కాని కుటుంబప్రార్థనలో పద్యకావ్యం చదవరు, కీర్తన పాడతారు. జాషువ కృషి నిత్యసాధనకు పరోక్షంగా మాత్రమే చేరింది. క్రీస్తును కరుణామూర్తిగా, అణగారినవారి పక్షాన నిలిచినవాడిగా చూపి, విశ్వాసానికి న్యాయం అనే కోణాన్ని గుర్తుచేసింది. జి. కల్యాణరావు ‘అంటరాని వసంతం’ నవల రూతు జ్ఞాపకాల మీదుగా తరాల కథ చెబుతుంది. పాటగాడు ఎల్లన్న నుండి క్రైస్తవులైన వారసుల వరకు సాగే ఆ కథ, పాట అనే వరం మతం మార్పుకు ముందే ఆ జనంలో ఉందని చూపుతుంది. మిషనరీలు సున్నా నుండి మొదలుపెట్టలేదు. ఉన్న ఈవి కొత్త పేరుతో కొత్త ఇంట్లో వెలిగింది. మతం మారినా కులం వెంట వచ్చిందన్న చేదునిజాన్ని కూడా ఆ నవల దాచలేదు. సంఘంలో వరాలను గుర్తించేటప్పుడు కులం, లింగం అడ్డుగా నిలిచిన చోట కృపావరమనే మాటకే అర్థం ఉండదు.

10. ముగింపు

పై పరిశీలనలో తేలిన అంశాలు ఇవి:

• ‘కృపావరం’ అనే సమాసంలో ‘కృప’ పురాణవరపు అర్థాన్ని సరిదిద్దే పూర్వపదం. వ్యవహారంలో అది లోపించడం వల్ల పోటీ, ప్రదర్శన అనే ఛాయలు చేరాయి.

• ‘ఈవి’ అనే దేశిపదం పొందడాన్నీ పంచడాన్నీ ఒకే మాటలో చెప్పగలిగినా ఆదరణకు నోచుకోలేదు. బోధనలో దాన్ని తిరిగి వాడుకలోకి తేవడం అవసరం.

• ‘హెచ్చరిక’ అర్థసంకోచం వల్ల ఓదార్చే వరం మరుగునపడింది. దాన్ని ‘ఆదరణ’తో కలిపి వ్యాఖ్యానించాలి.

• కీర్తన నిత్యసాధనకు క్రమాన్ని, సాక్ష్యం సొంత గొంతును ఇచ్చాయి. జవాబు రాని ప్రార్థనకు చోటివ్వడం సాక్ష్యప్రక్రియ ముందున్న కర్తవ్యం.

• వరాలను తూచే కొలత క్షేమాభివృద్ధి. ఇంటిపని, పక్కన కూర్చోవడం, చదివి వినిపించడం ఆ కొలతలో తక్కువ తూగవు.

తిమోతికి రాసిన రెండవ పత్రిక ఆరంభంలో పౌలు ముందుగా తిమోతి అవ్వను, తల్లిని పేరుపెట్టి తలచుకుంటాడు. ఆ వెంటనే అతనిలోని కృపావరాన్ని ప్రజ్వలింపజేయమంటాడు. మూలంలోని క్రియాపదానికి నివురుగప్పిన నిప్పును ఊది మళ్ళీ మండించడం అని అర్థం. ‘ప్రజ్వలింపజేయు’ అన్న తెలుగు మాటలో మంట కనబడుతుంది గాని, ఆ నివురు, ఆ ఊపిరి కనబడవు. తెల్లవారుజామున పొయ్యి ముందు కూర్చుని బూడిద తొలగించి నిప్పు ఊదిన అవ్వలకు ఆ క్రియ బాగా తెలుసు. ఎర్రగుంట్ల వంటి ఊళ్ళలో విశ్వాసం నాలుగు తరాలు నిలిచిందంటే ఆ ఊపిరి వల్లనే. తెలుగు క్రైస్తవ సాహిత్య పరిశోధన ఇకపై ఆ అవ్వల మాటలను, పాటలను, సాక్ష్యాలను పాఠ్యంగా స్వీకరించవలసి ఉంది.